మాలాకారుని ధర్మము – చక్కెర మిల్లు మనుగడ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపు పాఠము)



భారతమున ఉద్యోగపర్వమునందు, నిదుర పట్టక బాధపడుచున్న ధృతరాష్ట్రునకు విదురుడు చెప్పిన నీతులలో ఒకటి మిక్కిలి చిన్నది. పూలు కోసికొనువాడు మొక్కను వేరుతో పెకలింపరాదు; తోటలో మాలాకారునివలె మెలగవలెను గాని బొగ్గులు కాల్చువానివలె మెలగరాదని ఆ మాటకు సారాంశము. విదురుడు దానిని పన్నులు గైకొను రాజును గూర్చి చెప్పెను. కాని నేల పండించిన పంటను యంత్రమున వేసి, తినుటకు యోగ్యముగా మార్చి అమ్ముకొను ప్రతి కర్మాగారమునకును అది చక్కగా అన్వయించును. మాలాకారునకు రేపటికిని పూలు కావలెను. కావున నేడు మొక్కను కాపాడును. బొగ్గులవానికి చెట్టుతో పని ఒక్కనాటిదే.

ఆహారపదార్థములు తయారుచేయు వ్యాపారము ఒక తరమునకు కాక పెక్కు తరములకు నిలుచుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు చక్కెర మిల్లు తగిన ఉదాహరణము. నూలు మిల్లు దూరదేశమునుండి ప్రత్తి బేళ్లు తెప్పించుకొనవచ్చును. చక్కెర మిల్లునకు ఆ వీలు లేదు. నరికిన చెరకు 24 గంటలలో మిల్లు చేరవలెను. ఆలస్యమైన కొలదియు బరువు తగ్గును. అందలి చక్కెర తన గుణము చెడి గడ్డకట్టని తీపిగా మారిపోవును. కావున చక్కెర మిల్లు తన చుట్టునున్న కొన్ని మైళ్ల పొలములకు కట్టుబడినది. ఆ పొలములు బాగున్నచో మిల్లు బాగుండును. అవి చెడినచో దానికి వేరొక దిక్కు లేదు.

చెరకునుండి తీపిని తీయుట ఈ దేశమునకు క్రొత్త విద్య కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ఫాణితము, గుడము, మత్స్యండిక, ఖండము, శర్కర అని అయిదు విధములు పేర్కొనబడినవి. ఆ గ్రంథమే సేద్యమును గూర్చి చెప్పుచు, వరి మొదలగువానిని శ్రేష్ఠమైన పైరులనియు, చెరకును కడపటిదనియు ఎంచినది. చెరకునకు బాధలు పెక్కు, వ్యయము అధికము అని కారణమును గూడ చూపినది. తీపిని అంత చక్కగా ఎరిగినవారే దాని ఖర్చును గూడ లెక్కవేసి యుంచిరని దీనివలన తెలియుచున్నది.

పల్లెలలో గానుగ ఆడించి బెల్లము వండువారికి ఈ లెక్క పుట్టుకతో వచ్చినది. రసము పిండగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి, ఆ రసమును కాచు పొయ్యిలోనే మండింతురు. పైకి తేలిన తెట్టును తీసి పెంటకుప్పకు చేర్చుదురు. పొయ్యిలోని బూడిదను పొలమున చల్లుదురు. వారు పారవేయునది స్వల్పము. మిల్లు ఈ గానుగకు పెద్దన్న వంటిది. గానుగ పాటించిన నియమమును మిల్లు పాటించుచున్నదా అనునదే ఇక్కడ విచారింపదగిన విషయము.

ఏ మిల్లునకైనను జమాఖర్చుల పుస్తకము ఉండును. చెరకునకిచ్చిన సొమ్ము, జీతములు, కూలి, సున్నము, గంధకము, బ్యాంకు వడ్డీ, యంత్రముల తరుగుదల ఒకవైపు. అమ్మిన చక్కెరయు తక్కిన సరుకులును మరియొకవైపు. ఏడాది చివర తీసిన లాభనష్టములు ఆ పుస్తకము మట్టుకు సరియైనవే. కాని పుస్తకమునకెక్కని అప్పులు కొన్ని గలవు. బోరుబావినుండి తోడిన నీటికి రశీదు లేదు. నేల కోల్పోయిన సారమునకు పద్దు లేదు. చెరకు నరకు స్త్రీ పోగొట్టుకొన్న ఆరోగ్యమునకు ఖాతా లేదు. పద్దు వ్రాయనంత మాత్రమున అప్పు తీరిపోదు. దానికి వడ్డీ పెరుగుచునే యుండును. మనుష్యుడు పుట్టుకతోనే ఋణములు మోయుచు పుట్టునని పెద్దలు చెప్పిరి. మిల్లు కూడ అట్లే అయిదు ఋణములతో పుట్టును. అవి రైతుఋణము, భూఋణము, జలఋణము, శ్రామికఋణము, భోక్తృఋణము.

మొదటిది రైతుఋణము. చెరకు ఇంచుమించు ఏడాది పైరు. ముచ్చెలు నాటిన నాటినుండి నరుకువరకు రైతు సొమ్ము నేలలోనే యుండును. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారము, చెరకు అందిన 14 దినములలో మిల్లు వెల చెల్లింపవలెను. గడువు దాటినచో నూటికి ఏడాదికి 15 వంతున వడ్డీ ఈయవలెను. శాసనము ఇంత స్పష్టముగా నున్నను, చెరకు బకాయీలు అను మాట వార్తాపత్రికలు చదువువారికి చిరపరిచితము.

బకాయీ పెట్టుట మిల్లునకు లాభమువలె కనబడును. అది వడ్డీలేని అప్పు తీసికొనుట వంటిది. కాని దాని ఫలము మరుసటి ఏడు తెలియును. సొమ్ము అందని రైతు చెరకు తీసివేసి వరియో, మొక్కజొన్నయో వేయును. మిల్లునకు చెరకు తగ్గును. 150 దినములు ఆడవలసిన మిల్లు 60 దినములు మాత్రమే ఆడినచో, బాయిలరు తరుగుదల తగ్గదు. ఖాయపు ఉద్యోగుల జీతములు తగ్గవు. బ్యాంకు వడ్డీ తగ్గదు. ప్రతి బస్తాపై పడు ఈ ఖాయపు ఖర్చు రెట్టింపునకు పైగా పెరుగును. అప్పుడు మిల్లు రైతునకు మరింత ఆలస్యముగా చెల్లించును. రైతు మరింతగా చెరకు మానును. ఈ సుడిలో పడిన మిల్లు బయటపడుట అరుదు.

మిల్లు పక్షమున చెప్పదగిన న్యాయమును గూడ చెప్పవలెను. చెరకు వెలను ప్రభుత్వము నిర్ణయించును. చక్కెర వెల బజారున పడుచు లేచుచుండును. మిల్లులు చక్కెరను అంతకు తక్కువగా అమ్మరాదని 2019 ఫిబ్రవరిలో కిలోకు 31 రూపాయల కనీసపు వెల నిర్ణయించిరి. ఆ ఋతువున క్వింటాలు చెరకునకు 275 రూపాయలుగా నున్న వెల 2025–26 ఋతువునకు 355 రూపాయలైనది. అదియు 10.25 శాతము చక్కెర దిగుబడి లెక్కపై కట్టిన వెల. కావున మిల్లు ఇరుకున పడు ఏండ్లు నిజముగానే గలవు. ఐనను మంచి ఏటి లాభములోనుండి కొంత విడిగా తీసియుంచి చెడ్డ ఏట రైతునకు చెల్లించు మిల్లునకును, మంచి ఏట యావత్తు పంచుకొని చెడ్డ ఏట చేతులెత్తు మిల్లునకును భేదము చాల గలదు.

ఈ చిక్కు తీరుటకు రైతులే మిల్లునకు యజమానులైన బాగుండునని తలచినవారు కలరు. నాటి మద్రాసు రాష్ట్రమున, విశాఖపట్టణ ప్రాంతపు ఏటికొప్పాకయందు 1930వ దశకముననే రైతులు సహకార పద్ధతిపై చక్కెర తయారీకి పూనుకొనిరి. మహారాష్ట్రమున ప్రవర ప్రాంతమున విఠల్‌రావు విఖే పాటిల్, ఆర్థికశాస్త్రవేత్త ధనంజయరావు గాడ్గిల్ తోడ్పాటుతో రైతులను కూడగట్టి 1950లో సహకార మిల్లును నడిపించెను. దాని వెనుక ఆ రాష్ట్రమున అట్టివి పెక్కు వెలసినవి. ఐతే సహకారమను పేరు ఒక్కటే రక్ష కాదు. బకాయీలు పెట్టి మూతపడిన సహకార మిల్లులు గూడ గలవు. యజమాని ఎవరైనను కాటా నిజము చెప్పవలెను, గడువులోపల సొమ్ము చేరవలెను.

రెండవది భూఋణము. ఒకే నేలలో ఏటేట చెరకు, దాని వెనుక కార్శి, మరల చెరకు వేయుచుండగా నేల సారము తగ్గును. నరికిన తరువాత మిగిలిన చెత్తకు నిప్పు పెట్టుట పలుచోట్ల ఆచారము. ఆ మంటలో నేలకు చేరవలసిన సేంద్రియ పదార్థము పొగయై పోవును. ఆ చెత్తనే సాళ్ల నడుమ పరచినచో తేమ నిలుచును, కలుపు తగ్గును, క్రుళ్లి ఎరువగును. రసము శుభ్రపరచునప్పుడు మిల్లులో మిగులు ప్రెస్‌మడ్ అనబడు మడ్డిలో భాస్వరము మొదలగు పోషకములు గలవు. దానిని చెరకు తెచ్చిన బండ్లలోనే తిరిగి పొలమునకు పంపుట మిల్లు చేయదగిన సులభమైన ఋణవిమోచనము.

నీరు ఎక్కువై నేల చెడిన చోట్లును గలవు. మహారాష్ట్రమున సాంగ్లీ, కొల్లాపూర్ జిల్లాలలో నీటిని మితిమీరి పెట్టుటవలన విస్తారమైన నల్లరేగడి ఉప్పుబారి చౌడైపోయెను. శిరోల్ ప్రాంతమున ఒక సహకార మిల్లు రైతులతో కలసి, భూమిలోపల మురుగునీటి గొట్టములు వేయించి అట్టి నేలలను బాగుచేయు పనికి పూనుకొన్నది. ఆ ఖర్చు దానధర్మము క్రింద వ్రాయదగినది కాదు. చౌడైన నేల చెరకునీయదు. చెరకు రాని మిల్లు ఆడదు. అది యంత్రమునకు చమురు వేయుట వంటి ఖర్చే.

భూఋణములో విత్తనమును గూడ చేర్చవలెను. కోయంబత్తూరున 1912లో చెరకు ప్రజనన కేంద్రము ఏర్పడినది. అచట బార్బర్, వెంకటరామన్ అను శాస్త్రజ్ఞులు నాటు చెరకును, అడవి జాతులను కలిపి క్రొత్త వంగడములు పుట్టించిరి. దేశములోని చక్కెర పరిశ్రమ వానిమీద నిలిచినది. ఇటీవల కో 0238 అను వంగడము ఉత్తరప్రదేశ్ రాష్ట్రమున అద్భుతమైన దిగుబడి నిచ్చెను. రైతులును మిల్లులును దానినే కోరగా, ఆ రాష్ట్రపు చెరకు భూములలో నూటికి 80 పాళ్లకు పైగా అదియే వ్యాపించినది. తరువాత ఎర్రకుళ్లు తెగులు దానికి సోకగా నష్టము కూడ అంత విస్తారముగానే వచ్చినది. మంచిదైనను ఒక్కదానినే నమ్ముకొనరాదని దాని పాఠము. మూడు నాలుగు వంగడములను కలిపి వేయించు బాధ్యత, ముచ్చెలు సరఫరాచేయు మిల్లుదే.

మూడవది జలఋణము. చెరకునకు నాటు మొదలు నరుకువరకు 1,500 మొదలు 2,500 మిల్లీమీటర్ల నీరు కావలెను. తక్కువ అంకెనే గ్రహించి లెక్క కట్టినను, ఎకరమునకు 60 లక్షల లీటర్లు దాటును. ఆ ఎకరమున 40 టన్నుల చెరకు పండి, నూటికి 10 వంతున చక్కెర వచ్చినదనుకొన్నచో, దిగుబడి 4,000 కిలోలు. అనగా ఒక కిలో చక్కెర వెనుక 1,500 లీటర్ల నీరు ఉన్నది. అందులో కొంత వాననీరు. తక్కినది కాలువదో, బావిదో. నిండుగా పారు కాలువ క్రింద ఈ లెక్క వేరు. బోరులు ఎండు మెట్టసీమలో ఈ లెక్క వేరు.

మరాఠ్వాడా కరవుసీమ. ఐనను అక్కడ చక్కెర మిల్లులు పెక్కు వెలసినవి, చెరకు విస్తరించినది. 2016 ఏప్రిల్ నెలలో ఆ సీమలోని లాతూరు పట్టణమునకు మిరజ్‌నుండి రైలుబండిలో త్రాగునీరు తేవలసివచ్చెను. ఆ కరవునకు చెరకు ఒక్కటే కారణమనుట న్యాయము కాదు. వానలు వరుసగా తప్పినవి. కాని వానలు తప్పుట అలవాటైన చోట, అన్నిటికన్న ఎక్కువ నీరు కోరు పైరునకు మిల్లు కట్టుట దూరదృష్టి కాదు. మిల్లునకు స్థలమెంచునప్పుడు రోడ్డును, రైలును చూచినట్లే భూగర్భజలమును గూడ చూడవలెను.

ఉన్న మిల్లు చేయదగినవి రెండు గలవు. మొదటిది, రైతులచేత బిందుసేద్యము చేయించుట. దానివలన నీటిలో మూడవ వంతునుండి సగమువరకు ఆదా యగుటయేగాక ఎరువును నీటితో కలిపి వేరునకే అందింపవచ్చును. గొట్టముల ఖర్చునకు మిల్లు జామీను ఉండి, చెరకు సొమ్ములో వాయిదాలుగా తీసికొనవచ్చును. ఐతే ఆదా చేసిన నీటితో మరి రెండెకరములు చెరకు వేసినచో బావికి ఒరిగినదేమియు లేదు. మిగిలిన నీరు బావిలో మిగులవలెను. రెండవది, మిల్లులోని నీటిపొదుపు. చెరకులో నూటికి 70 పాళ్లు నీరే. రసమును కాచునప్పుడు ఆవిరియై లేచు ఆ నీటిని చల్లార్చి పట్టి మరల వాడుకొన్నచో, మిల్లు బయటి నీటికై అంతగా చేయిచాపనక్కరలేదు. టన్ను చెరకునకు 200 లీటర్లకు మించి మురుగునీరు బయటికి విడువరాదని 2016లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. అంతకు ముందు ఆ హద్దు 400 లీటర్లు. హద్దు సగమైనను మంచి మిల్లులు నడచుచునే యున్నవి.

మొలాసిస్‌నుండి మద్యసారము తీయు బట్టీ ఉన్నచో జాగ్రత్త మరింత కావలెను. ఒక లీటరు మద్యసారమునకు సుమారు 8 మొదలు 15 లీటర్ల నల్లని మురుగు వెలువడును. అది వాగులో కలిసినచో నీటిలోని ప్రాణవాయువు హరించి చేపలు చచ్చును; భూమిలోనికి ఇంకినచో బావులు చెడును. ఆ మురుగుననే పులియబెట్టి వాయువు తీసి పొయ్యికి వాడవచ్చును. తరువాత చిక్కబరచి మండించినచో, బూడిదలో పొటాషు దొరకును. ఊరికి విషమైనది నేర్పరికి ఎరువగును.

నాలుగవది శ్రామికఋణము. మిల్లులోని కార్మికునకు హాజరుపట్టీ, భవిష్యనిధి కొంతవరకైనను కలవు. పొలములో చెరకు నరకువారికి అవి లేవు. మరాఠ్వాడాలోని బీడ్ జిల్లానుండి ఏటేట లక్షలాది కూలీలు ఆలుమగలు జంటలుగా, పిల్లలను వెంటబెట్టుకొని పశ్చిమ మహారాష్ట్రమునకును, కర్ణాటకమునకును నరుకునకు పోవుదురు. మేస్త్రీ ముందుగా ఇచ్చిన అడ్వాన్సు తీరువరకు వారికి విడుదల లేదు. ఒకదినము పని మానినచో జరిమానా పడును. 2019లో మహారాష్ట్ర ప్రభుత్వము నియమించిన సంఘము ఆ జిల్లాలో చెరకు నరకు స్త్రీలను సుమారు 82 వేలమందిని విచారింపగా, 13 వేలమందికి పైగా గర్భసంచి తీయించుకొన్నవారని తేలెను. పనిదినములు పోగొట్టుకొనలేక, శుభ్రమైన నీరును మరుగును లేని గుడిసెలలో వ్యాధులపాలై, వయసు మళ్లకముందే ఆ స్త్రీలు ఆ శస్త్రచికిత్సకు తలయొగ్గిరి.

వారు మా కూలీలు కారు, మేస్త్రీ మనుష్యులని మిల్లు చెప్పవచ్చును. కాని వారు నరికిన చెరకే మిల్లులో పడుచున్నది. నరుకు జరుగు చోట త్రాగునీరు, మరుగుదొడ్లు, పిల్లలకు బడి, స్త్రీలకు వైద్యము, సంపాదించిన కూలి నేరుగా చేతికందు ఏర్పాటు చేయుట మిల్లునకు మోయరాని భారము కాదు. ఈ ఖర్చు వ్రాయని మిల్లు లాభము, మరియొకరి దేహమునుండి తీసికొన్న సొమ్ము.

అయిదవది భోక్తృఋణము, అనగా తినువానికి చెల్లింపవలసినది. తినువాడు మిల్లును చూడడు, పొలమును చూడడు; సంచిపై వ్రాసిన మాటను నమ్మి కొనును. తూకము సరిగానుండవలెను. తెలుపునకై వాడిన గంధకము నియమితమైన హద్దులో నుండవలెను. బెల్లము వండువారికిని ఇదే ధర్మము; రంగు పచ్చగా కనబడుటకు హైడ్రోస్ గుప్పించి, ఎర్రబెల్లమును తక్కువగా చూచుట కొనువారును, అమ్మువారును మానదగిన అలవాటు. ఇంకొక చేదు నిజము గలదు. తీపిని మితముగా తినుమని వైద్యులు చెప్పుచున్నారు. విడిగా కలుపుకొను చక్కెరలవలన వచ్చు శక్తి దినమునకు కావలసిన శక్తిలో నూటికి 10 వంతుల లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. అది సామాన్యునకు సుమారు 50 గ్రాములు. జనులు ఇంకను ఎక్కువ చక్కెర తినుటమీదనే తన భవిష్యత్తును నిలుపుకొన్న మిల్లు, తినువాని కీడుపై పందెము కాయుచున్నది.

ఇంతవరకు విన్నవారు, ధర్మము చెప్పుట సులభమే, ఈ అయిదు అప్పులు తీర్చుటకు డబ్బెక్కడిదని అడుగవచ్చును. సమాధానము చెరకులోనే యున్నది. ఒక టన్ను చెరకును ఆడించినచో సుమారు 100 కిలోల చక్కెర వచ్చును. దానితోపాటు ఇంచుమించు 300 కిలోల పిప్పియు, 40 కిలోల మొలాసిస్‌ను, 30 మొదలు 40 కిలోల మడ్డియు వచ్చును. చక్కెరను మాత్రమే సరుకుగా నెంచి తక్కినవానిని చెత్తగా చూచు మిల్లు, పంటలో గింజను మాత్రమే గ్రహించి గడ్డిని, తవుడును వదలుకొన్న రైతు వంటిది.

పిప్పినే చూడుడు. తక్కువ పీడనపు పాత బాయిలర్లలో అది మిల్లు అవసరమునకు బొటాబొటిగా సరిపోవును. అధిక పీడనపు బాయిలరును, దానికి తగిన టర్బైనును పెట్టినచో, అదే పిప్పితో మిల్లు తన పని నడుపుకొని, మిగిలిన విద్యుత్తును ఊళ్లకు అమ్మగలుగును. తమిళనాడులో 1979లో స్థాపితమైన న్యూస్‌ప్రింటు కర్మాగారము పిప్పినుండి కాగితము తీయుటకే ఏర్పడినది. కట్టెకు బదులు పిప్పి వాడుటవలన ఎన్నియో చెట్లు మిగిలినవి. మొలాసిస్‌నుండి ఇథనాలు వచ్చును. 2025 నాటికి మన దేశమున పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలుపుట సాధ్యమైనది. అందులో చెరకుతోపాటు మొక్కజొన్న, నూకల పాలును గలదు.

చక్కెర వెల పడిపోయిన ఏట ఈ రాబడులే రైతు బకాయీ తీర్చును. ఐతే ఇక్కడను మాలాకారుని మాట మరువరాదు. ఇథనాలు లాభము చూచి, నీరులేని చోట చెరకు పెంచినచో, ఒక అప్పు తీర్చుటకు మరియొక పెద్ద అప్పు చేసినట్లగును. ఉన్న చెరకునుండి ఎక్కువ విలువ తీయుట ఒకటి. ఎక్కువ చెరకు నాటించుట వేరొకటి.

ఒక మిల్లు మూతపడినచో ఏమి పోవునో తెలిసికొనుటకు తెలుగునాట బోధన్ కథ చాలును. మంజీరానదిపై నిజాంసాగరము 1931లో పూర్తియైనది. ఆ నీటి అండన 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. ఒకప్పుడు ఆసియాఖండమున మిక్కిలి పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగా దానికి పేరుండెను. దాని చుట్టు పుట్టిన పేటకు శక్కర్‌నగర్ అని పేరే వచ్చినది. 2002లో అందు అధికభాగము ప్రైవేటు చేతులలోనికి పోయెను. 2015 డిసెంబరులో మిల్లు మూతపడెను. దోషము ఎవరిది ఎంత అను తగవునకు ఇది తీర్పు చోటు కాదు. కాని పోయినదేమో అందరికిని కనబడుచున్నది. కార్మికుల జీతములు ఆగినవి. చెరకు రైతులు ఇతర పైరులకు మరలిరి. బండివాడు, కమ్మరి, టీకొట్టువాడు, పుస్తకముల దుకాణమువాడు, ఇట్టి వందలమంది బ్రతుకుతెరువు తెగిపోయెను. వీరి పేరులు మిల్లు పుస్తకములలో ఏనాడును లేవు. మిల్లు నిలుచుట యజమాని ఒక్కని వ్యవహారము కాదనుటకు వేరొక సాక్ష్యమక్కరలేదు.

కావున ఊరిదగ్గర ఆహార కర్మాగారము రాబోవునపుడు ఊరివారు మౌనముగా నుండరాదు. 2006 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన ప్రకారము, దినమునకు 5,000 టన్నులు గాని అంతకు మించి గాని చెరకు ఆడు మిల్లు పర్యావరణ అనుమతి పొందవలెను. దానికై జరుగు ప్రజాభిప్రాయ సభలో రైతుకూలీలు ఎవరైనను లేచి మాటాడవచ్చును. ఆ సభయందు అడుగదగిన ప్రశ్నలు పెద్ద చదువు లేనివారికిని అర్థమగునవే. నీరు ఎక్కడనుండి తీసికొందురు, వేసవిలో ఆ బావుల గతి యేమి? మురుగు ఎక్కడికి పోవును? చెరకు సొమ్ము ఎన్ని దినములలో ఇత్తురు, వెల పడిన ఏట దేనినుండి ఇత్తురు? మడ్డియు బూడిదయు పొలమునకు తిరిగి వచ్చునా? నరుకు కూలీలకు నీడ, నీరు, వైద్యము ఎవరు చూతురు? కాటాను పరీక్షించు అధికారము రైతుసంఘమునకు ఉండునా? ఈ ఆరింటికిని వ్రాతపూర్వకముగా సమాధానమిచ్చు మిల్లును ఊరు ఆదరముతో పిలువవచ్చును.

రైతుకును ధర్మము గలదు. ఒప్పందము వ్రాసికొని, బెల్లము ధర పెరిగినదని చెరకును వేరుచోటికి తోలుట. నరుకు తేలికయగునని తోటకు నిప్పుపెట్టి కాలిన చెరకు పంపుట. ఆకును, మట్టిని తూకములో కలుపుట — ఇవి మిల్లును దెబ్బతీసి, తుదకు రైతునే దెబ్బతీయును. అయిదు ఋణములు ఒకవైపునుండి మాత్రమే తీరునవి కావు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదనగా దానికి పునాది ఒక చిన్న నియమము. పుస్తకము తీసికొన్నవారు గడువులోపల, పుట చినుగకుండ తిరిగి యిచ్చిరి. అందుచేత తరువాతి పాఠకునకు అది దొరకినది. కర్మాగారము నేలనుండియు, నీటినుండియు, మనుష్యులనుండియు తీసికొనునది గూడ అట్టి ఎరువు సొత్తే. దానిని గడువులోపల, చెడకుండ తిరిగి యిచ్చు మిల్లునకు రాబోవు ఏడును చెరకు వచ్చును. ఆ రాబోవు ఏటిని లెక్కలోనికి తీసికొని నడచుటయే వ్యాపారమున మాలాకారుని ధర్మము. సభవారు ఈ మాటలను తమ తమ ఊళ్లకు కొనిపోయి, అవసరమైననాడు అడుగదగిన ప్రశ్నలను అడుగుదురు గాక.